‘అమృత’ చూశాక: భిన్నాభిప్రాయాలను చర్చగా నడిపించడం ఎలా?

మణిరత్నం 2002లో తమిళంలో తీసిన ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’ తెలుగువారికి ‘అమృత’గా పరిచయం. చెన్నైలో పెరిగిన ఒక దత్తపుత్రిక, కన్నతల్లిని వెతుక్కుంటూ పెంచినవారితో కలిసి యుద్ధం నడుస్తున్న శ్రీలంకకు వెళ్లడం ఇందులోని ఇతివృత్తం. దాన్ని ఏ ఫిలిం సొసైటీలోనో గ్రంథాలయంలోనో పదిమందితో కలిసి చూస్తే, సినిమా పూర్తయ్యేసరికి కొందరు కళ్లు తుడుచుకుంటూ ఉంటారు, మరికొందరు ఒక జాతి పడ్డ వేదనను పాటలకు నేపథ్యంగా వాడుకున్నారని చిరాకుపడుతూ ఉంటారు. దీన్ని కేవలం అభిరుచి భేదమని వదిలేస్తే చర్చ ‘నచ్చింది, నచ్చలేదు’ దగ్గరే ఆగిపోతుంది. ఎవరు ఈ సినిమాను ఎవరి కథగా చూశారన్నదాన్ని బట్టే చాలావరకు వారి అభిప్రాయం ఏర్పడుతుంది. చర్చ నడిపేవారు ముందుగా రాబట్టవలసింది దాన్నే.

ప్రదర్శనకు ముందు ఐదు నిమిషాలు చరిత్రకు కేటాయించండి, అంతకు మించి వద్దు. 1983 జూలైలో శ్రీలంకలో తమిళులపై జరిగిన హింసాకాండ, ఆ తర్వాత పడవల్లో రామేశ్వరం చేరిన శరణార్థులు, 1987 నుంచి 1990 వరకు అక్కడ ఉన్న భారత శాంతి పరిరక్షక దళం, 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో జరిగిన రాజీవ్ గాంధీ హత్య గురించి తెలిస్తే చాలు. అయితే ఒక్క విషయం నొక్కి చెప్పాలి. సినిమా విడుదలైన 2002 ఫిబ్రవరిలోనే శ్రీలంక ప్రభుత్వానికీ, ప్రత్యేక తమిళ రాజ్యం కోసం పోరాడిన ఎల్‌టీటీఈకీ మధ్య కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. తమతో వచ్చెయ్యమని కూతురు అడిగినప్పుడు, శాంతి వచ్చిన రోజున చూద్దామన్న అర్థంలో కన్నతల్లి చెప్పే మాట అప్పటి ప్రేక్షకులకు రేపో మాపో నిజమయ్యేదిలా వినిపించి ఉంటుంది. 2009 మేలో యుద్ధం ఎంత ప్రాణనష్టంతో ముగిసిందో తెలిసినవారికి అదే మాట గుండెను కోస్తుంది, లేదా మరీ అమాయకంగా తోస్తుంది. కాబట్టి ఎవరు ఎప్పుడు మొదటిసారి చూశారో అడగకుండా ముగింపు గురించిన వాదనలోకి దిగకండి.

సినిమా అయిపోయాక ‘ఎలా ఉంది?’ అని అడగడం మానుకోండి. ‘ఇది ఎవరి కథ?’ అని అడిగి, జవాబును ఒక్క వాక్యంలో చీటీ మీద రాయమనండి. నోటితో చెప్పిస్తే మొదట మాట్లాడినవారి వెంటే మిగతావారూ నడుస్తారు. తొమ్మిదో పుట్టినరోజున తాను దత్తపుత్రికనని తెలుసుకున్న అమ్మాయి కథ అన్నవారు, ఆ నిజాన్ని పెద్దలు చెప్పిన తీరును తప్పుపట్టవచ్చు. పెంచిన తల్లి కథ అన్నవారికి సిమ్రన్ నటనే సినిమా. శరణార్థిగా వచ్చి బిడ్డను కని, ఆ బిడ్డను వదిలి యుద్ధంలోకి వెనుదిరిగిన కన్నతల్లి కథ అన్నవారు మాత్రం, నందితా దాస్‌కు తెరపై దక్కిన సమయం ఎంత తక్కువో లెక్కపెడతారు. నాకైతే ఈ మూడో వర్గం వేసే ప్రశ్నే అన్నిటికన్నా బలమైనదనిపిస్తుంది. దత్తత గురించి మాట్లాడేటప్పుడు సొంత అనుభవం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

యుద్ధాన్ని చూపిన తీరుపై వాదన వేడెక్కడం సహజం. చెన్నై మధ్యతరగతి కుటుంబం వెంట మనం ఆ దేశంలోకి వెళ్తాం. అక్కడ వారికి అండగా నిలిచేది ప్రకాశ్ రాజ్ పోషించిన సింహళ వైద్యుడు. పోరాటానికి కారణాలు పైపైనే వినిపిస్తాయి. పసిపిల్ల చూపుకు అంతకన్నా అందదని సమర్థించేవారు అంటారు. చెప్పవలసింది చెప్పకుండా తప్పించుకోవడానికే పసిపిల్లను ముందు నిలబెట్టారని విమర్శించేవారు అంటారు. రెండూ తోసిపుచ్చలేని మాటలే కనుక, సినిమా మొత్తం మీద తీర్పులు ఆపి ఒక్క సన్నివేశాన్ని ఎంచుకోండి. జనం ఊరు ఖాళీ చేసి తరలిపోయేటప్పటి పాట ఇందుకు బాగా పనికొస్తుంది. దాన్ని ముందు శబ్దం లేకుండా, తర్వాత రెహమాన్ సంగీతంతో చూపించండి. మొదటిసారి ఏం కనిపించింది, రెండోసారి దానికి ఏం తోడైంది అని అడిగితే, తమను కదిలించింది ఆ జనమా, సంగీతమా అన్నది ఎవరికి వారే తేల్చుకోవలసి వస్తుంది. ఈ సినిమాకు ఆరు జాతీయ పురస్కారాలు వచ్చాయన్న మాటను మాత్రం ఇక్కడ ఎవరి చేతికీ ఆయుధంగా ఇవ్వకండి.

చెన్నై తమిళానికీ శ్రీలంక తమిళానికీ ఉన్న యాస తేడా తెలుగు అనువాదంలో వినబడదు కాబట్టి, వీలైతే తమిళ ప్రతినే సబ్‌టైటిల్స్‌తో చూపడం మేలు.

విదేశాల్లోని తెలుగు సంఘాలు వేసే ప్రదర్శనకు శ్రీలంక మిత్రులు కూడా రావచ్చు. వారిని సాక్షుల్లా నిలబెట్టి ‘నిజంగా ఇలాగే జరిగిందా?’ అని అడగకండి. వారంతట వారు మాట్లాడదలిస్తే తొందరపెట్టకుండా విని, ఆ మాటను ఒక జాతి మొత్తం మాటగా ప్రకటించకుండా, ఒక ప్రేక్షకుడి మాటగానే స్వీకరించండి.

చివరి పావుగంటలో ప్రతి ఒక్కరినీ తమకు నచ్చని అభిప్రాయాన్ని, దాన్ని నమ్మినవారు ‘అవును, నేనన్నది అదే’ అని ఒప్పుకునేలా చెప్పమనండి. తర్వాత చీటీలు ఎవరివి వారికి తిరిగి ఇచ్చి, జవాబు మార్చుకోదలచినవారిని మార్చుకోనివ్వండి. చేతులెత్తించి లెక్కపెట్టే పని పెట్టుకోవద్దు.