రాతప్రతి నుంచి అచ్చుప్రతి దాకా – ఆరవ పాఠం: నిజమైన అభిప్రాయం రాబట్టడం

గత పాఠం చివర మీ కథను ముగ్గురు పాఠకులకు ఇచ్చి, వారి అభిప్రాయం రాసి పెట్టుకొమ్మని చెప్పాను. ఆ తరువాత అందిన ఉత్తరాలను బట్టి అభ్యాసం చేసినవారిలో చాలామంది ఒకేచోట చిక్కుబడ్డారని తెలుస్తున్నది. ముగ్గురూ బాగుందన్నారు, పత్రికేమో తిప్పి పంపింది, ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి అన్నది వారి ప్రశ్న. ఇంకొందరు ముగ్గురు పాఠకుల సంగతి పక్కనపెట్టి రాతప్రతిని నేరుగా ప్రచురణకర్తకు పంపి, "మీ అమూల్యమైన అభిప్రాయం తెలియజేయగలరు" అని కోరి, నెలల తరబడి జవాబు రాకపోవడంతో రాయడం మీదనే విసుగు తెచ్చుకున్నారు. ఈ పాఠం సంభాషణా రచన గురించి కావలసింది. ఈ చిక్కు తీరకుండా సంభాషణ నేర్చుకున్నా, అది బాగా కుదిరిందో లేదో మీకు చెప్పేవారు ఉండరు కనుక ఆ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

ముందు ప్రచురణకర్త మౌనం సంగతి చూద్దాం. ఒక లెక్క వేసుకోండి. డెమ్మీ సైజులో, అంటే మామూలు కథల పుస్తకం కొలతలో, 160 పేజీల కథాసంపుటి అంటే పదహారు పేజీల ఫారాలు (ఒక్కో విడతగా అచ్చయ్యే పేజీల కట్టలు) పది. దానికి 150 రూపాయల వెల పెట్టి 500 ప్రతులు వేస్తే, అన్నీ అమ్ముడైన పక్షంలో వచ్చేది 75,000 రూపాయలు. పంపిణీదారుకు నలభై శాతం వదిలితే మిగిలేది 45,000. కంపోజింగు, ప్రూఫులు, కాగితం, అచ్చు, బైండింగు, ముఖచిత్రం అన్నీ అందులోంచే రావాలి, రచయితకు ఇవ్వవలసింది కూడా అందులోనే ఉండాలి. పైగా కొన్ని ప్రతులు సమీక్షకు పోతాయి, కొన్ని కాంప్లిమెంటరీగా పోతాయి, అమ్ముడైన వాటి డబ్బు కూడా ఒక్కసారిగా చేతికి రాదు. ఈ పరిస్థితిలో ఉన్న మనిషి మీ రాతప్రతిని తెరిచినప్పుడు ఆయన మనసులో ఉండేది ఈ 500 ప్రతులు ఎవరు కొంటారన్న ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆయన తనలో తాను ఇచ్చుకున్న జవాబును మీ కథ మీద తీర్పుగా తీసుకోకండి. కథ బాగుండి కూడా ఆ లెక్కలో ఓడిపోవచ్చు, బాగాలేకుండా కూడా గెలవవచ్చు.

పత్రికల విషయమూ ఇంతే. అచ్చులో కథకు చోటు తగ్గిపోయింది. 1978లో మొదలై నెలనెలా కథలకూ నవలలకూ చోటిచ్చిన విపుల, చతుర పత్రికలు 2021లో ఆగిపోయాయి. మిగిలినవాటిలో చోటు కోసం కథలు పోటీపడతాయి. అందువల్ల "ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం" అన్న వాక్యం నుంచి మీరు నేర్చుకోగలిగింది ఏమీ లేదు, దాన్ని పదిసార్లు చదివినా లేదు. పోటీ ఫలితాల్లో "సాధారణ ప్రచురణకు ఎంపికైనవి" అన్న జాబితాలో మీ పేరు కనిపిస్తే సంతోషించండి, అంతకుమించి అర్థం తీయకండి. సంపాదకుడు ప్రత్యేకించి ఒక్క మాట రాస్తే మాత్రం, ఉదాహరణకు మూడో పేజీ దాకా కథ మొదలు కాలేదని రాస్తే, ఆ ఉత్తరాన్ని భద్రపరచండి. ఆయన తన పని మానుకొని మీ కోసం రాసిన మాట అది.

విసుగులో ఉన్నవారు చేసే రెండు పనుల గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటిది, సొంత డబ్బు కట్టి అచ్చువేయించుకోవడం. అందులో తప్పేమీ లేదు, తెలుగులో మంచి పుస్తకాలు ఎన్నో అలాగే వచ్చాయి. కానీ అచ్చువేయడానికి మీ దగ్గర డబ్బు తీసుకునేవారు మీ రాతప్రతి గురించి చెప్పే మంచిమాటను అభిప్రాయాల ఖాతాలో జమ చేసుకోకండి. రెండవది, ఎవరో ఒకరు ఒప్పుకున్నారన్న ఆనందంలో ఒప్పందం చదవకుండా సంతకం పెట్టడం. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికో ఒప్పందంలో రాయకపోతే ఐదేళ్లుగా భావిస్తారు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే వర్తిస్తుంది. కనుక "శాశ్వతంగా", "అన్ని రూపాల్లోనూ" అన్న మాటలు కనిపించినచోట ఆగి అడగండి. ఒప్పందాల గురించి విడిగా ఒక పాఠం ఉంటుంది.

ఇక ముగ్గురు పాఠకుల దగ్గరకు వద్దాం. ముగ్గురూ బాగుందన్నారంటే తప్పు వారిది కాదు. మీరు "ఎలా ఉంది?" అని అడిగారు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని వంట ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబే దానికి వస్తుంది. మన సాహిత్య వాతావరణం కూడా ఆ జవాబునే పెంచి పోషిస్తున్నది. పెద్ద రచయితను ముందుమాట అడుగుతాం, ఆయన మొహమాటానికి నాలుగు మంచి వాక్యాలు రాస్తారు. ఆవిష్కరణ సభ పెడతాం, శాలువా కప్పిన చేతులతోనే లోపాలు చెప్పమంటే ఎవరు చెబుతారు? ముందుమాట అడిగినవారిని అభిప్రాయం అడగకండి, అభిప్రాయం అడిగినవారిని ముందుమాట అడగకండి. ఈ రెండు జాబితాలూ కలవకూడదు.

ఇంతకంటే పెద్ద ఉచ్చు ఒకటి ఉన్నది. మీ ఉత్తరాలలో మూడింట రెండు వంతులు దానిలో చిక్కుకున్నవే. దీని గురించి నేను కొంచెం ఎక్కువసేపే చెబుతాను, ఎందుకంటే మిగతా పద్ధతులన్నీ సరిగా పాటించినా ఇదొక్కటి జరిగితే మొత్తం పని వృథా అవుతుంది. ఆ ఉచ్చు పేరు వివరణ. రచయిత రాతప్రతి చేతికిస్తూ "ఇందులో నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే" అని మొదలుపెడతాడు. లేదా పాఠకుడు నోరు తెరవగానే "అది కాదండీ, అక్కడ నా ఉద్దేశం" అని అడ్డు తగులుతాడు.

ఒక ఉదాహరణ చూడండి. కథలో ఒక తల్లి కొడుకు చదువు కోసం గేదెను అమ్ముతుంది. అమ్మినట్టు రచయిత ఎక్కడా నేరుగా చెప్పడు. రెండో పేజీలో "కొట్టం ఖాళీగా ఉంది" అని ఒక్క వాక్యం రాస్తాడు. ఐదో పేజీలో కొడుకు ఫీజు రసీదు జేబులో పెట్టుకుని బస్సెక్కుతాడు. పాఠకురాలు చదివి, "ఫీజు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియలేదు" అంటుంది. రచయిత వెంటనే, "గేదెను అమ్మింది కదండీ, కొట్టం ఖాళీగా ఉందని రెండో పేజీలో రాశానుగా" అంటాడు. ఆమె, "అవునవును, నేనే సరిగా చూసుకోలేదు" అంటుంది. ఇద్దరూ తృప్తి పడతారు.

ఇక్కడ ఏం పోయిందో గమనించండి. ఆ వాక్యం పాఠకురాలికి అందలేదన్న సమాచారం మీ చేతికి వచ్చి జారిపోయింది. అంతకంటే నష్టం, ఆమె ఇకమీద తనకు అర్థం కానిదేదీ మీకు చెప్పదు. తన చదువులోనే లోపం ఉందని ఆమెను ఒప్పించినది మీరే. మీరు ఊరుకుని ఉంటే, "కొట్టం ఖాళీ అంటే గేదె మేతకు వెళ్లిందనుకున్నాను" అని ఆమె తరువాతి మాటగా చెప్పి ఉండేది. మీకు కావలసినది సరిగ్గా ఆ వాక్యమే. అది దొరికితే దిద్దుబాటు తేలిక. "గేదెను అమ్మేసింది" అని రాయనక్కరలేదు. కొట్టంలో గుంజకు కట్టిన పలుపు తాడు విప్పి, చుట్టచుట్టి, తల్లి అటక మీద పెడుతున్నట్టు చూపిస్తే చాలు, మేతకు వెళ్లిన గేదె పలుపును ఎవరూ అటక ఎక్కించరు. పాఠకురాలి తికమకే ఆ తాడును మీకు చూపిస్తుంది. మీ వివరణ దాన్ని కప్పేస్తుంది.

వివరణ ఇంకా మెత్తని రూపాల్లో కూడా వస్తుంది. "ఇది మా నాయనమ్మ జీవితంలో నిజంగా జరిగింది" అనడం వివరణే. అలా అన్న తరువాత ఆ పాత్ర నమ్మేలా లేదని ఎవరూ అనలేరు. "తొందరలో రాశాను" అనడం, "ఫలానా పోటీకి పంపాను" అనడం, "ముగింపు ఒక్కటి చూడండి, మిగతాదంతా కుదిరింది" అనడం అన్నీ వివరణలే. కథకు ఉపోద్ఘాతం అవసరమైతే అది కథలోనే ఉండాలి. అచ్చయిన పుస్తకం వెంట మీరు ప్రతి ఇంటికీ వెళ్లి కూర్చోలేరు. కనుక రాతప్రతి ఇచ్చేటప్పుడు ఎప్పటిలోగా కావాలో చెప్పండి, తీసుకునేటప్పుడు కృతజ్ఞత చెప్పండి. మధ్యలో పాఠకుడు మాట్లాడుతున్నంతసేపూ మీ చేతిలో కలం కదలాలి, నోరు కదలకూడదు.

ఎవరికి ఇవ్వాలి? ఇంట్లోవారికి వద్దు. రచయితలకు ఇచ్చేముందు రాయనివారికి ఇవ్వండి, రచయితలు మీ కథను తమ కథగా తిరగరాసి చూపిస్తారు. గ్రంథాలయంలో క్రమం తప్పకుండా కథలు చదివే మనిషి ఒకరు దొరికితే అంతకంటే మేలు లేదు. ప్రతిని కాగితం మీద, వెడల్పాటి మార్జిన్లతో, మీ పేరు లేకుండా ఇవ్వడం నాకు ఇష్టం. ఫోనులో పీడీఎఫ్ పంపితే పాఠకుడు ఎక్కడ విసిగాడో గుర్తు పెట్టడం అంత తేలిక కాదు, తీరిక దొరికినప్పుడు పంపే వాయిస్ మెసేజిలో మొహమాటం తప్ప ఏమీ మిగలదు. ఇంకొక జాగ్రత్త: యూనికోడ్‌లో టైపు చేసినది అచ్చు పనికి వాడే అను ఫాంట్లకు మార్చినప్పుడు వత్తులూ గుణింతాలూ చెదురుతుంటాయి. వాటిని దిద్దకుండా ఇస్తే పాఠకుడి శ్రద్ధ అంతా అచ్చుతప్పుల మీదికి పోతుంది, కథ గురించి ఒక్క మాట రాదు. ప్రతి మీ దగ్గర ఉంచుకోవడం, పేజీలకు అంకెలు వేయడం వంటివి మీకు తెలిసినవే.

ఏమి అడగాలి? పాఠకుడిని తీర్పు అడగకండి, చదివినప్పుడు అతనికి ఏమి జరిగిందో అడగండి. ఎక్కడ పక్కన పెట్టి లేచారు? ఎక్కడ వెనక్కి తిప్పి చూసుకున్నారు? ఏ పేరు దగ్గర ఈమె ఎవరు అనుకున్నారు? వీటికి జవాబు చెప్పడంలో ఎవరికీ మొహమాటం ఉండదు, ఎందుకంటే అవి మిమ్మల్ని గురించినవి కావు. చివరగా ప్రతిని మూయించి, కథను ఆయన మాటల్లో చెప్పమనండి. నా వరకు ఈ ఒక్క ప్రశ్నే సరిపోతుంది. ఆయన చెప్పిన కథలో మీరు నాలుగు పేజీలు ఖర్చుపెట్టిన మేనమామ అసలు కనిపించకపోతే, ఆ నాలుగు పేజీల సంగతి ఎవరూ మీకు విడిగా చెప్పనక్కరలేదు.

వచ్చిన జవాబులను తూచే పద్ధతి కూడా ఉంది. ఇద్దరు ఒకేచోట తడబడితే అక్కడ పని ఉన్నట్టే. ఒక్కరే తడబడితే గుర్తుపెట్టి, మూడో పాఠకుడి కోసం ఆగండి. అయితే తడబడిన చోటును నమ్మండి గానీ, వారు సూచించే మందును అప్పుడే నమ్మకండి. ముగింపు మార్చమని చాలామంది చెబుతారు. అలా చెప్పిన సందర్భాలలో ఎక్కువసార్లు జబ్బు ముగింపులో ఉండదు, ముగింపుకు కావలసిన విషయం మొదటి రెండు పేజీలలో పడి ఉండదు. గేదె కథలో కూడా, కొడుకు బస్సెక్కే చోటు బలహీనంగా ఉందనే ఎవరైనా అంటారు, దిద్దవలసినది కొట్టం దగ్గర.

అభ్యాసం: ఈసారి మీ కథను ఎవరికీ ఇవ్వకండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయం అనే కథల గ్రంథాలయం సేకరించిన పాత కథలు అంతర్జాలంలో చదువుకోవడానికి దొరుకుతున్నాయి. మీరు పేరు వినని రచయితల కథలు మూడు ఎంచుకోండి. ఒక్కొక్కటీ ఒకే ఊపులో చదివి, ఆగిన చోటును, వెనక్కి తిరిగిన చోటును పేజీ సంఖ్యతో రాయండి. కథ మూసేసి, మళ్ళీ తెరవకుండా అరఠావులో ఆ కథను చెప్పండి. తరువాత కథ తెరిచి, మీ అరఠావులో ఏమేమి జారిపోయాయో ఎర్ర సిరాతో గుర్తించి, జారిపోయిన ప్రతిదానికీ ఆ రచయిత ఏ వాక్యాన్ని ఆధారంగా ఇచ్చారో వెతికి పక్కన ఎక్కించండి. ఇది ఒక్క విడతలో అయ్యే పని కాదు, రెండు ఆదివారాలు కేటాయించండి. అది పూర్తయ్యాకే మీ సొంత కథకు ఇద్దరు కొత్త పాఠకులను వెతకండి, పాత ముగ్గురినీ మళ్ళీ అడగవద్దు. ఆ ఇద్దరూ తమ మాటల్లో చెప్పిన కథలను ఉన్నదున్నట్టు రాసి ఉంచండి, సంభాషణ పాఠాన్ని వాటి మీదనే మొదలుపెడతాను.