ఉద్యోగంలో చిక్కు సమస్యలను విప్పే నేర్పు ఎలా పెంచుకోవాలి?

"మా వాడు బాగానే చదువుతాడు కానీ, సొంతంగా ఆలోచించలేడండీ" అనే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలోనూ తమకు క్రియేటివిటీ లేదనుకునేవాళ్లు తక్కువేం కాదు. ఈ మాట నేను ఒప్పుకోను. ఒక సమస్యను పట్టుకుని, దాన్ని దగ్గర నుంచి చూస్తూ కూర్చుంటే కొత్త ఆలోచన ఎవరికైనా వస్తుంది. దానికి సాధన కావాలి, అంతే.

ఆ సాధన ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. 2030 నాటికి ఉద్యోగాలకు కావాల్సిన ముఖ్యమైన నైపుణ్యాల్లో 39 శాతం మారిపోతాయని కంపెనీల అంచనా. 2025 జనవరిలో ప్రపంచ ఆర్థిక వేదిక విడుదల చేసిన నివేదికలో ఉన్న మాట ఇది. అందులో కంపెనీలు అన్నిటికన్నా ముందు కోరుకున్నది విశ్లేషించి ఆలోచించే శక్తి. సృజనాత్మకతకు నాలుగో స్థానం దక్కింది.

1. మీకు నిజంగా బాధ కలిగించే సమస్యను ఎంచుకోండి

చింతకింది మల్లేశం గారిది యాదాద్రి భువనగిరి జిల్లా, ఆలేరు దగ్గర శారాజీపేట. చేనేత కుటుంబం. పోచంపల్లి చీరకు రంగులు అద్దే ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. వాళ్లమ్మ లక్ష్మి గారు రోజూ ఆ పని చేసి, భుజం నొప్పితో బాధపడేవారు. ఆ నొప్పి చూడలేక మల్లేశం గారు 1992లో ఆసు పోసే యంత్రం తయారీ మొదలుపెట్టి, 1999లో పూర్తిచేశారు. ఆయన బడి చదువు ఆరో తరగతి దగ్గరే ఆగిపోయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

కాబట్టి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పనిలో మిమ్మల్నో, మీ పక్కవాళ్లనో రోజూ విసిగించేవన్నీ అందులో రాయండి. వారం తర్వాత చూస్తే ఏదో ఒకటి పదేపదే కనిపిస్తుంది. మొదట దాన్నే పట్టుకోండి.

2. వెళ్లి కళ్లతో చూడండి, తర్వాత "ఎందుకు" అని అడగండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సమస్య ఏంటో తెలిసిపోయిందనుకుని నేరుగా పరిష్కారంలోకి దూకుతారు.

మీరు ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్నారనుకుందాం. పేషెంట్లు గంటలకొద్దీ కూర్చోవాల్సి వస్తోందని గొడవ. డాక్టరు గారు లేటుగా వస్తున్నారని అందరి అభిప్రాయం. ఒక పూట కౌంటర్ పక్కన కూర్చుని చూడండి. డాక్టరు టైముకే వచ్చారు, కానీ లోపలికి ఫైలు వెళ్లలేదు. ఎందుకు? దొరకలేదు. ఎందుకు దొరకలేదు? ఫైళ్లు తేదీల వారీగా పేర్చి ఉన్నాయి, కిందటిసారి ఎప్పుడు వచ్చారో పేషెంటుకు గుర్తులేదు. తేదీల వారీగా ఎందుకు పెట్టారు? క్లినిక్ తెరిచిన కొత్తలో రోజుకు పదిమందే వచ్చేవారు, అప్పుడు అదే సులువు. అంటే ఇక్కడ మార్చాల్సింది ఫైళ్లు పేర్చే పద్ధతి. ఫోన్ నంబరులోని చివరి అంకెల ప్రకారం సర్దితే పైసా ఖర్చు లేకుండా పని తేలుతుంది. తేదీ మర్చిపోయినా, ఫోన్ నంబరు చాలామంది టక్కున చెప్పేస్తారు.

ఇలా ఐదుసార్లు "ఎందుకు" అని అడగడం టయోటా కంపెనీలో పాతుకుపోయిన పద్ధతి. ఆ సంస్థకు మూలపురుషుడైన సకిచి టొయోడా కూడా మగ్గాల మనిషే. దారం తెగగానే తనంతట తానే ఆగిపోయే మగ్గం తయారుచేశారు. అడిగేటప్పుడు ఒక్క జాగ్రత్త: జవాబులో మనిషి పేరు వస్తే అక్కడ ఆగొద్దు, ఇంకో "ఎందుకు" వేయండి. తప్పు ఎవరిదో తేల్చడానికి కూర్చుంటే నిజం చెప్పేవాళ్లు ఉండరు.

3. ముందు ఒంటరిగా రాయండి, తర్వాత కలిసి మాట్లాడండి

మీటింగ్ పెట్టగానే సీనియర్ మొదట మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. మన ఆఫీసుల్లో ఇది మరీ ఎక్కువ. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంలో, కలిసి కూర్చున్న బృందం కన్నా విడివిడిగా ఆలోచించిన అంతే మంది ఎక్కువ ఆలోచనలు ఇచ్చారు. అందుకే ముందు పది నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోండి. చదవడం మాత్రం జూనియర్లతో మొదలుపెట్టండి.

ఏఐని అడగాలన్నా ఇదే వరస. మీ జవాబులు రాసుకున్నాకే అడగండి. "ఇందులో ఎక్కడ దెబ్బతింటుంది?" అని అడిగితే ఇంకా మంచిది. ముందే అడిగితే దాని జవాబు చుట్టూనే మీ బుర్ర తిరుగుతుంది.

4. పక్క రంగాల్లోకి తొంగిచూడండి

మల్లేశం గారికి తన యంత్రంలో ఒక కదలిక ఎంతకీ కుదరలేదు. బతుకుదెరువు కోసం హైదరాబాద్ వచ్చి పనిచేస్తున్న రోజుల్లో, బాలానగర్‌లో ఒక మెషీన్ నడిచే తీరు చూశాక దానికి దారి దొరికింది. నేతకు సంబంధం లేని చోట దొరికిన జవాబు అది. అయితే ఏళ్ల తరబడి ఆ చిక్కు మనసులో తిరుగుతోంది కాబట్టే అది ఆయన కంట పడింది.

మీరూ నెలకోసారి మీ పనికి సంబంధం లేని చోటికి వెళ్లండి. ప్రింటింగ్ ప్రెస్, బస్ డిపో, పూల మార్కెట్, ఏదైనా సరే. రద్దీని, ఆలస్యాన్ని, పొరపాట్లను వాళ్లెలా నెట్టుకొస్తున్నారో అడగండి.

5. చిన్నగా చేసి చూడండి

క్లినిక్ ఫైళ్లన్నీ ఒకేరోజు మార్చేయకండి. ఒక్క వారం, కొత్తగా వచ్చేవాళ్ల ఫైళ్లకే ఆ పద్ధతి పెట్టండి. మార్పుకు ముందు ఫైలు తీయడానికి ఎంతసేపు పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో రాసుకోండి. కౌంటర్‌లో ఉండే అమ్మాయికి ఇబ్బందిగా ఉంటే ఆమె మాటే వినండి, రోజూ వాడేది ఆమే కదా. పనికిరాకపోతే ఎందుకో రాసి, రెండో అడుగుకు వెనక్కి వెళ్లండి.

ఆ కాగితాలు పారేయొద్దు. ఇంటర్వ్యూలో "మీరు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి" అంటే, మొదట ఏం అనుకున్నారు, వెళ్లి చూస్తే ఏం తేలింది, ఏం మార్చారు, ఎంత తేడా వచ్చిందో వాటిలోంచే వరసగా చెప్పండి.