ఆన్‌లైన్ వాదనలో ఇరుక్కుపోతున్నారా? కారణాలు, బయటపడే దారులు

ఆన్‌లైన్ గొడవలకు దూరంగా ఉండమంటే చాలామందికి అది పిరికితనంలా వినిపిస్తుంది. కానీ మాట్లాడి తీరాల్సిన సందర్భాలు కొన్ని ఉంటాయి. వాటికి ఓపిక మిగలాలంటే, ఉపయోగం లేనిచోట ఆపేయడం అలవాటు కావాలి. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, వాటి కారణాలు, చేయాల్సిన పని కింద రాశాను. మీకు సంబంధించింది చూసుకోండి.

"చెప్పిందే చెబుతున్నాం, ఎవరూ తగ్గడం లేదు"

మొదటి ఒకటి రెండు జవాబుల్లో విషయం ఉంటుంది. ఆ తర్వాత 'నేను అలా అనలేదు', 'పైన ఏం రాశావో చూసుకో', 'ముందు నేనడిగిన దానికి చెప్పు' మొదలవుతాయి. అంటే అసలు విషయం పక్కకు పోయి, ఎవరు ఏమన్నారన్నదే చర్చ అయింది. ఇద్దరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటున్నారు.

కారణం: చివరి మాట తనదే కావాలన్న పంతం. దానికి తోడు నలుగురూ చూస్తున్నారన్న స్పృహ. అందరి ముందూ 'అవును, నేను పొరబడ్డాను' అనడం మీకెంత కష్టమో, అవతలి మనిషికీ అంతే కష్టం. కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లోని 'ఛేంజ్ మై వ్యూ' చర్చల మీద 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ చర్చ మొదలుపెట్టేవాళ్లు 'నా అభిప్రాయం మార్చండి చూద్దాం' అని తామే అడుగుతారు. అలాంటి చోట కూడా ఒకే మనిషితో మాటలు ఐదు విడతలు దాటితే అభిప్రాయం మారే అవకాశం దాదాపు లేదని తేలింది. మారడానికి సిద్ధపడి వచ్చినవాళ్ల సంగతే అది. మారనని భీష్మించుకున్న మనిషి మీ పదో జవాబు చూసి మారతాడని ఆశపడడంలో అర్థం లేదు.

చేయాల్సింది: రెండు జవాబులతో ఆపేయాలని ముందే అనుకోండి. మూడోది రాయాలనిపిస్తే, అందులో పైన లేని కొత్త ఆధారం గానీ, అవతలివారు నిజంగా తెలుసుకోవాలని అడిగినదానికి సమాధానం గానీ ఉందా అని చూడండి. లేకపోతే రాయకండి. చెప్పకుండా వెళ్లిపోవడం మర్యాద కాదనిపిస్తే ఈ మాత్రం చాలు: "నా అభిప్రాయం చెప్పాను, మీదీ చదివాను. దీని మీద ఇంక నేను రాయను." దీని చివర 'మీకు చెప్పి లాభం లేదు' లాంటి పోటు మాట తగిలించకండి, దానికే ఇంకో పది జవాబులు వస్తాయి. తర్వాత వెంటనే ఆ పోస్ట్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఈ పని చేయకపోతే ఇంతసేపు చెప్పుకున్నది వృథా, ఎందుకంటే ఫోన్ మోగిన ప్రతిసారీ మళ్లీ మొదటికే వస్తారు.

"మామూలుగానే అన్నాను, ఎందుకో మండిపడ్డారు"

'సరే, మీ ఇష్టం' అన్న మాటే తీసుకోండి. ఎదురుగా ఉండి అంటే అది ఒప్పుకోలో, విసుగో, దెప్పిపొడుపో గొంతును బట్టి తెలిసిపోతుంది. స్క్రీన్ మీద గొంతు ఉండదు. రాసేవాళ్లకు మాత్రం తమ గొంతు మనసులో వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి చదివేవాళ్లకూ వినిపిస్తోందనుకుంటారు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఈమెయిల్‌లో రాసిన వాక్యం వెటకారమో కాదో చదివేవాళ్లు 78 శాతం సార్లు సరిగ్గా పడతారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజానికి పట్టింది 56 శాతమే. గుడ్డిగా ఊహించినా 50 శాతం కలుస్తుంది.

కాబట్టి పరిచయం లేనివారి దగ్గర వెటకారం పూర్తిగా మానేయండి. అవతలివారి మాట రెండు రకాలుగా అర్థమైతే "మీరన్నది ఇదేనా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో మొదట్లోనే తేలిపోయే గొడవలు చాలా ఉంటాయి. మీ మాటే తేడాగా పడిందనిపిస్తే వాట్సాప్‌లో 15 నిమిషాల లోపు ఎడిట్ చేసుకోవచ్చు. ఆ సమయం దాటితే "నా ఉద్దేశం అది కాదు, సరిగ్గా రాయలేదు" అని ఒప్పుకోవడమే మేలు.

"కోపం వస్తే ఆగలేను, టైప్ చేసేస్తాను"

ముఖాముఖి ఇంత మాట అనని మనుషులు ఇక్కడ ఎలా అనగలుగుతున్నారన్న దాని మీద మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సులర్ 2004లో రాశారు. మనమెవరో తెలియదు, మన ముఖం కనిపించదు, అన్నమాటకు జవాబు అప్పటికప్పుడే వినక్కర్లేదు. ఇలాంటివన్నీ కలిసి మామూలుగా ఉండే బిడియాన్ని తీసేస్తాయి. ఇది అవతలి మనిషికే కాదు, మీకూ వర్తిస్తుంది.

'కోపమంతా నోట్స్‌లో రాసి కక్కేయండి, పంపకండి' అనే సలహా తరచూ వినిపిస్తుంది. దాని మీద నాకు నమ్మకం లేదు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను కొట్టినవాళ్లకు కోపం తగ్గకపోగా, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లకంటే ఎక్కువగా ఉంది. ఒక పేజీ నిండా ఆ మనిషినే తిడుతూ రాస్తే జరిగేదీ దాదాపు అదేనని నా అభిప్రాయం. మనసు ఆ మనిషి మీద నుంచి పక్కకు మళ్లాలి. నడకకు వెళ్లి దారంతా 'ఇలా అంటే ఏమంటాడో' అని జవాబులు కూర్చుకుంటే ఆ నడక లెక్కలోకి రాదు. కాస్త ఏకాగ్రత కావాల్సిన పని ఏదైనా అందుకోండి, మనుషులతో వేరే విషయం మాట్లాడండి. చెప్పాల్సిన మాటే అయితే మర్నాడు పొద్దునకూ చెప్పాలనే అనిపిస్తుంది, అప్పుడు చెప్పొచ్చు.

"ఎటు చూసినా గొడవలే కనిపిస్తున్నాయి"

2017లో వచ్చిన ఒక పరిశోధన ట్విట్టర్‌లో వివాదాస్పద విషయాల మీద పోస్టులను పరిశీలించింది. నీతితో ముడిపడ్డ ఆవేశపు మాట ఒక్కొక్కటి పెరిగేకొద్దీ ఆ పోస్ట్‌ను ఇతరులు పంచుకోవడం సుమారు 20 శాతం పెరిగిందని అందులో తేలింది. మండే మాటకు అంత ఊపు ఉంది. మీరు తిట్టడానికి పంచుకున్నా అది పంచుకున్నట్టే. నచ్చనిదాన్ని పంచుకుని 'చూడండి ఎంత ఘోరమో' అని రాయడం మానేయండి. 'ఆసక్తి లేదు' అన్న ఆప్షన్‌ను, మ్యూట్‌ను మొహమాటపడకుండా వాడండి.

"బెదిరిస్తున్నారు, నా వివరాలు బయటపెడతామంటున్నారు"

ఇది వాదన కాదు. ఒక్క మాట కూడా జవాబివ్వకండి. పేరు, తేదీ, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, రిపోర్ట్ చేసి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. ముందే బ్లాక్ చేస్తే ఆధారాలు మీకు కనిపించకుండా పోవచ్చు. దగ్గరివారికి చెప్పండి, భయం నిజమైతే పోలీసులకు ఫిర్యాదు చేయండి.

"ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదా?"

అన్నిటికంటే ఎక్కువమందిని వెనక్కి లాగేది ఈ ప్రశ్నే. ఇందులో న్యాయం ఉంది కూడా. అందుకే దీన్ని రెండుగా విడదీసి చూడాలి.

మీరు ఊరుకుంటే ఎవరికైనా నష్టం జరుగుతుందా? తప్పుడు వైద్యం, మోసపూరితమైన లింకు, ఒక మనిషి మీద అబద్ధపు నింద కళ్లబడితే మాట్లాడాల్సిందే. అయితే రాసేది ఆ పోస్ట్ పెట్టిన మనిషిని ఓడించడానికి కాదు, మాట్లాడకుండా చదువుతున్న మిగతావాళ్ల కోసం. అది మనసులో ఉంటే రాత తీరే మారుతుంది. ఉదాహరణకు, జలుబుకు యాంటీబయాటిక్స్ వేసుకోమని ఎవరో పోస్ట్ పెట్టారనుకోండి. "బుద్ధుందా, ఇలాంటివి పెడతారా" అంటే ఆ మనిషి ఆత్మరక్షణలో పడతాడు, చదివేవాళ్లకు తెలిసేది ఏమీ ఉండదు. "జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్స్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి, జలుబు తగ్గించవు. డాక్టర్ రాయకుండా వాడొద్దు" అని రాసి, నమ్మదగిన లింకు ఒకటి పెట్టండి. మీ బాధ్యత అక్కడితో తీరింది. కింద ఎవరు ఏమన్నా మీరు రాసింది అక్కడే ఉంటుంది, చదివేవాళ్లు చదువుతారు.

ఎవరికీ నష్టం లేని అభిప్రాయ భేదమైతే మౌనం ఒప్పుకోలు కాదు. ఆ రోజు ఆ పోస్ట్‌కు జవాబివ్వని లక్షలమందిలో మీరొకరు, అంతే.

ఒక మనిషి ఆలోచన నిజంగా మారాలని మీకు పట్టుదల ఉంటే, దానికి చోటు కామెంట్ల పెట్టె కాదు. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటింటికీ వెళ్లి సుమారు 10 నిమిషాలు మాట్లాడి, అవతలివారి అనుభవాలు అడిగి, విమర్శించకుండా విన్నప్పుడు ట్రాన్స్‌జెండర్ల పట్ల వివక్షాభావం తగ్గింది, ఆ మార్పు కనీసం 3 నెలలు నిలిచింది.

"అయినవాళ్ల గ్రూప్‌లోనే ఈ రగడ, బయటికి రాలేను"

మ్యూట్ చేయడం తేలిక. వాట్సాప్‌లో 8 గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు ఆప్షన్లు ఉంటాయి. గొడవ జరుగుతున్నప్పుడు 8 గంటలది చాలు. కానీ మ్యూట్ మీ ఫోన్‌నే నిశ్శబ్దం చేస్తుంది, అవతల ఉన్నది మీ బాబాయే అయితే మీ మౌనాన్ని అలకగా తీసుకోవచ్చు. అందుకే గ్రూప్‌లో జవాబివ్వకుండా విడిగా ఫోన్ చేయండి. "బాబాయ్, ఎలా ఉన్నారు? గ్రూప్‌లో మీరు పెట్టింది చూశాను. అందరి ముందూ ఎందుకని అక్కడ రాయలేదు. మీకు ఎందుకలా అనిపించిందో చెప్పండి" అని అడిగి, చివరిదాకా వినండి. పక్కన చూసేవాళ్లు లేనప్పుడు ఆయనకూ గెలవాల్సిన అవసరం ఉండదు. అప్పటికీ కలవకపోతే "ఈ ఒక్క విషయం మనం మాట్లాడుకోవద్దు బాబాయ్" అని నేరుగా అడగండి. గ్రూప్‌లో మిగతా కబుర్లకు మాత్రం ఎప్పటిలాగే జవాబిస్తూ ఉండండి.