నమూనా లేకుండా అల్లడం ఎలా? ఫ్రీఫామ్ క్రోషే, నిట్టింగ్‌తో మొదటి దిండు గలీబు

మిగిలిపోయిన ఊలు ఒక సంచీ నిండా పేరుకుపోయాక నేను ఫ్రీఫామ్ వైపు వచ్చాను. అందులో ఏ రంగు తీసినా ఒక టోపీకి కూడా చాలదు. పారేయడానికి మనసొప్పదు. నమూనా చూసి అల్లేవాళ్ళకు అది అక్కరకు రాని సరుకు. ఫ్రీఫామ్‌లో మాత్రం రెండు మీటర్ల దారానికి కూడా ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది. ఊలు అయిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు. ఒక రంగు అయిపోతే ఇంకో రంగు అందుకుంటాం.

ఫ్రీఫామ్ అంటే ముందుగా రాసిపెట్టిన నమూనా లేకుండా, ముక్క ఎటు సాగితే అటు అల్లుకుంటూ పోవడం. అరచేతిలో పట్టే ముక్కలు వేర్వేరుగా అల్లి, తర్వాత వాటిని పక్కపక్కన అమర్చి కుడతారు. ఆ ముక్కను ‘స్క్రంబుల్’ అంటారు. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ వాల్టర్స్, సిల్వియా కాష్ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. ఆస్ట్రేలియాలో ప్రూడెన్స్ మాప్‌స్టోన్ క్రోషేనూ (ఒక హుక్‌తో అల్లేది) నిట్టింగ్‌నూ (రెండు సూదులతో అల్లేది) ఒకే పనిలో కలపడం ఎంతోమందికి నేర్పారు.

ఈ రెండింటినీ కలపడంలో ఒక అందం ఉంది. క్రోషేలో హుక్ మీద సాధారణంగా ఒక్క లూపే మిగిలి ఉంటుంది కాబట్టి, ఆ క్షణంలో ఏ వైపుకైనా తిరగవచ్చు. నిట్టింగ్‌లో ఒక వరుస లూపులన్నీ సూది మీదే ఉంటాయి. అందుకే అది ఒక దిశలో నదిలా సాగుతుంది, మెత్తగా ఉంటుంది, బాగా సాగుతుంది. క్రోషే ముక్కలకు మలుపులూ బుడిపెలూ ఇస్తే, నిట్టింగ్ వాటి మధ్య కంటికి ఊరట ఇస్తుంది. అంతా బుడిపెలే అయితే ఏ బుడిపే కనిపించదు.

మొదటి పనికి 40 సెంటీమీటర్ల చదరపు దిండు గలీబు మంచిది. ఒంటికి సరిపోవాలన్న చింత లేదు. వెనక గుడ్డ ఉంటుంది కాబట్టి బరువుకు సాగిపోదు. నేను తొందరపడి మొదటే శాలువాకు దిగాను. బుడిపెల కుట్లు ఊలును విపరీతంగా తింటాయి. ఆ శాలువా తన బరువుకే వేలాడి, వేసుకున్న ప్రతిసారీ ఒక పక్కకు జారిపోయేది.

క్రోషేలో గొలుసు కుట్టు, స్లిప్ స్టిచ్, సింగిల్, డబుల్ వస్తే చాలు. నిట్టింగ్‌లో కుట్లు ఎత్తడం, నిట్ కుట్టు, ముగించడం వస్తే చాలు. ఇక్కడ నేను వాడేవి అమెరికా పేర్లు. బ్రిటిష్ పద్ధతిలో నేర్చుకున్నవాళ్ళకు నా ‘సింగిల్ క్రోషే’ డబుల్ క్రోషే అవుతుంది.

1. ఊలు ఎంచుకోండి

అన్నింటికన్నా కష్టమైన పని ఇదే. ఎలాగైనా అల్లవచ్చు అన్నప్పుడే చెయ్యి కదలదు. సంచీ అంతా ముందు పోసుకుని కూర్చుంటే గంట గడిచినా మొదటి గొలుసు పడదు. కాబట్టి మీకు మీరే ఒక హద్దు పెట్టుకోండి. ఆరు నుంచి ఎనిమిది రంగులు తీసి, మిగతా సంచీని కంటికి కనిపించకుండా దాచేయండి. ఆ ఎనిమిదిలో ఒక రంగు ప్రతి ముక్కలోనూ, కనీసం ఒక్క వరుసైనా రావాలి. చివర్లో ముక్కలన్నీ ఒక కుటుంబంలా కనిపించేది దానివల్లే.

ఎంచుకున్న ఉండలను పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే, మీరు కష్టపడి వేసిన కుట్లు దూరం నుంచి ఒకదాన్నుంచి ఒకటి విడిపడి కనిపించవు. ఒక ముదురు రంగు, ఒక బాగా లేత రంగు చేర్చండి.

లావు, సన్నం కలిపి వాడవచ్చు. సన్నటి దారాలు రెండు కలిపి పట్టుకుంటే మధ్యరకం ఊలుకు దగ్గరగా వస్తాయి. 4 మిల్లీమీటర్ల హుక్, అదే సైజు సూదులతో మొదలుపెట్టండి. ముళ్ళుముళ్ళుగా, బొచ్చుగా ఉండే ఊలులో కుట్లు కనిపించవు కాబట్టి దాన్ని ముక్క చివరి వరుసకు ఉంచుకోండి.

ఉతకడం గురించి ఇప్పుడే ఆలోచించాలి. అసలు ఊలు వేడినీళ్ళలో నలిగితే కుంచించుకుపోయి దట్టమవుతుంది, యాక్రిలిక్ అలా అవ్వదు. రెండూ కలిసిన గలీబును చల్లటి నీళ్ళలో చేత్తోనే ఉతకాలి. ముదురు ఎరుపు, నీలం దారాలు కొంచెం తడిపి తెల్లగుడ్డలో చుట్టి ఉంచితే రంగు వదులుతాయో లేదో తెలిసిపోతుంది.

2. మొదటి ముక్క మొదలుపెట్టండి

నాలుగు గొలుసు కుట్లు వేసి స్లిప్ స్టిచ్‌తో రింగుగా కలపండి. రింగులో 6 సింగిల్ క్రోషేలు వేయండి. తర్వాతి చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, అంటే 12. ఇంతవరకూ ఎవరైనా చేసేదే. ఇక్కడ నుంచి దారి తప్పండి. చుట్టు పూర్తి చేయకుండా సగం దూరం డబుల్ క్రోషేలు వేసి, ఆగి, ముక్కను తిప్పి, రంగు మార్చి వెనక్కి రండి. ఇప్పుడు ముక్క ఒకవైపు ఉబ్బి చంద్రవంకలా కనిపిస్తుంది.

ఇక ముందుకు ఎలా? ప్రతి రెండు మూడు వరుసలకు ఒకసారి ముక్కను బల్లమీద పెట్టి, నాలుగు వైపులా తిప్పి చూడండి. ఏ అంచు బోసిగా ఉందో, ఏ రంగు ఒకచోటే గుంపుగా చేరిందో చూడండి. ఫ్రీఫామ్‌లో అసలు నైపుణ్యం ఇలా చూడటంలోనే ఉందని నా నమ్మకం. చేతులకు కుట్లు నెల రోజుల్లో వస్తాయి. కళ్ళకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆగి చూసుకోకుండా గంటసేపు అల్లుకుంటూ పోతే ముక్క దాదాపు ఎప్పుడూ చెడుతుంది.

3. ముక్క చదునుగా ఉందా, లేదా?

మొదటిసారి అల్లేవాళ్ళు ఎక్కువగా వదిలేసేది ఈ దగ్గరే. ముక్క గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, లేదా అంచు అలలు అలలుగా లేస్తుంది. లెక్క తేలికే. సింగిల్ క్రోషేతో చదునైన వలయం రావాలంటే ప్రతి చుట్టుకూ సుమారు 6 కుట్లు పెరగాలి: 6, 12, 18, 24. డబుల్ క్రోషే ఎత్తు ఎక్కువ కాబట్టి ప్రతి చుట్టుకూ 12 చొప్పున పెరగాలి. దీనికి తక్కువైతే గిన్నె అవుతుంది, ఎక్కువైతే అల లేస్తుంది.

ఫ్రీఫామ్‌లో పూర్తి చుట్లు ఉండవు కాబట్టి ఆ సంఖ్యలను అక్షరాలా పాటించలేం. వాటి వెనక ఉన్న విషయం పట్టుకుంటే చాలు. అంచు బయటికి వంపు తిరిగిన చోట కుట్లు పెంచాలి. తిన్నగా ఉన్న చోట ఉన్నన్నే వేయాలి. లోపలికి వంపు తిరిగిన మూలలో ఒకటో రెండో వదిలేయాలి. గిన్నె అవుతున్నట్టు కనిపిస్తే ఒకే కుట్టులో రెండేసి వేస్తూ ఒక వరుస వెళ్ళండి. అల లేస్తుంటే తర్వాతి వరుసలో రెండేసి కుట్లు కలిపి ఒకటిగా అల్లండి.

అల లేవడం ప్రతిసారీ తప్పేమీ కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన డైనా తైమిన్యా 1997లో హైపర్బోలిక్ తలాన్ని, అంటే అంచుకు పోయే కొద్దీ అలలుగా విప్పారే తలాన్ని, క్రోషేతో అల్లి చూపించారు. ప్రతి వరుసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోతే ఆ రూపం వస్తుంది. కాగితంతో చేసిన నమూనాలు చిరిగిపోయేవి, క్రోషేవి చేతిలోకి తీసుకుని మడిచి చూసుకునేలా నిలిచాయి. 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్త్‌హైమ్ అనే అక్కచెల్లెళ్ళు ఆ పద్ధతితోనే పగడపు దిబ్బను క్రోషేతో అల్లే ప్రాజెక్టును ప్రారంభించారు. పగడాల అంచులకూ మనం పొరపాటున అల్లే అలలకూ ఉన్న పోలిక చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మీ ముక్కలో అల వచ్చి అది మీకు నచ్చితే ఉంచేయండి. దిండు మధ్యలో ఒకటి రెండు చోట్ల అది పువ్వులా నిలబడుతుంది. కానీ పక్క ముక్కతో కలిపి కుట్టాల్సిన అంచు మాత్రం చదునుగా ఉండాలి.

4. ఉబ్బెత్తు కుట్టు ఒకటి నేర్చుకోండి

బుల్లియన్ కుట్టు ఫ్రీఫామ్ అల్లేవాళ్ళకు ప్రాణం. దారాన్ని హుక్ చుట్టూ ఎనిమిదిసార్లు వదులుగా చుట్టండి. హుక్‌ను కుట్టులో దూర్చి ఒక లూపు లాగండి. మళ్ళీ దారం అందుకుని ఆ చుట్లన్నిటిలోంచి ఒకేసారి బయటికి లాగి, ఒక గొలుసు కుట్టుతో బిగించండి. సన్నటి స్ప్రింగులా నిలబడుతుంది. మొదటి ఇరవైసార్లు హుక్ మధ్యలో ఇరుక్కుంటుంది. చుట్లను బొటనవేలితో అదిమి పట్టుకుని, హుక్ కొన కిందికి చూసేలా తిప్పి లాగండి. హుక్ మెడ దగ్గర మరీ లోతైన గాడి లేనిదైతే సులువు. నాకు ఇది పట్టుబడటానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ తర్వాత నేను అల్లిన ప్రతి ముక్కలోనూ బుల్లియన్లే ఉండేవి, అది ఇంకో సమస్య. ఒక ముక్కకు అయిదారు చాలు.

5. అంచు నుంచి నిట్టింగ్ ఎత్తండి

ముక్కకు కాస్త తిన్నగా ఉన్న అంచు చూసుకుని, అక్కడ సూదితో 10 నుంచి 15 కుట్లు ఎత్తండి. క్రోషే కుట్టుకు ఒకటి చొప్పున ఎత్తితే సాధారణంగా సరిపోతుంది, అంచు ముడుచుకుంటుంటే అదనంగా ఒకటి రెండు ఎత్తండి. అన్ని వరుసలూ నిట్ కుట్టే వేస్తే గార్టర్ అల్లిక వస్తుంది, అది చదునుగా పడుకుంటుంది. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ (నిట్‌కు వెనకవైపులా కనిపించే కుట్టు) వేస్తే నున్నగా ఉంటుంది కానీ అంచులు చుట్టుకుపోతాయి, కుట్టేటప్పుడు ఇబ్బంది. గార్టర్‌లో రెండు వరుసలు కలిస్తే ఒక గట్టు. పక్క అంచు నుంచి మళ్ళీ కుట్లు ఎత్తాలనుకుంటే గట్టుకు ఒకటి చొప్పున ఎత్తండి. ఇలా పది, పన్నెండు వరుసలు అల్లి ముగించి, ఆ ముగించిన అంచు మీద మళ్ళీ క్రోషే మొదలుపెట్టవచ్చు.

దారం చివరలను అప్పటికప్పుడే దాచేయండి. కొత్త రంగు కలిపినప్పుడు పాత దారం కొసనూ కొత్త దారం కొసనూ అంచు వెంట పడుకోబెట్టి, వాటి మీదుగానే అల్లితే చాలావరకు లోపలికి పోతాయి. కుట్టేటప్పుడు పనికొస్తుందని ముక్కకు ఒక పొడవాటి కొసను మాత్రం వదలండి.

6. అమర్చండి, కుట్టండి

40 సెంటీమీటర్ల చదరం అంటే 1600 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో ముక్క సుమారు 10 సెంటీమీటర్లు అనుకుంటే 16 కావాలి. ఆకారాలు వంకరటింకరగా ఉంటాయి కాబట్టి, పెద్దవీ చిన్నవీ కలిపి 20 దాకా అల్లుకోండి. చిన్నచిన్న ముక్కలు కావడంతో ఈ పని ఎక్కడికైనా తీసుకెళ్ళవచ్చు. ఒక హుక్, రెండు ఉండలు సంచీలో పడేస్తే చాలు.

పాత గుడ్డ మీద చదరం గీసుకుని, ముక్కలను బొమ్మ వైపు పైకి ఉంచి పరచండి. కుట్టే ముందు కనీసం రెండు రోజులు అలాగే ఉంచి, అటూ ఇటూ వెళ్ళేటప్పుడు చూస్తూ ఉండండి. నేను రాత్రి ఎంతో నచ్చి పడుకున్న అమరిక పొద్దున్నే చూస్తే ఒక మూల బరువుగా, ఒక మూల వెలితిగా కనిపించేది. ముక్కలు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కినా ఫరవాలేదు. ఖాళీలు మిగిలితే కంగారు పడొద్దు. చిన్న రింగులు, ఆకులు, మూడు కుట్ల వెడల్పున్న నిట్టింగ్ పట్టీలు ఆ ఖాళీల కోసమే. తృప్తి కలిగాక ఫొటో తీసుకుని, గుండుసూదులు గుచ్చండి.

ముక్కలను వెనక్కి తిప్పి పరిచి కుట్టడం సులభం. అయితే అప్పుడు అమరిక అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది. దిండుకు ఏమీ కాదు. తర్వాత ఎప్పుడైనా స్వెట్టర్ కుడితే మాత్రం ఎడమ భాగం కుడివైపుకు వెళ్ళిపోతుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి. మొండి కొస ఉన్న ఊలు సూదితో, ముక్క అంచు కుట్లలోంచి కొంచెం కొంచెంగా తీసుకుంటూ వదులుగా కుట్టండి. గట్టిగా లాగితే ఆ గీత వెంట ముడత పడుతుంది, తర్వాత ఏం చేసినా పోదు.

7. సరిచేసి, వెనక గుడ్డ వేయండి

ఊలు అయితే చల్లటి నీళ్ళలో తడిపి, తువ్వాలులో చుట్టి నీళ్ళు పీల్చేలా అదిమి, చదరం కొలతకు సూదులతో గుచ్చి ఆరబెట్టండి. యాక్రిలిక్ ఉంటే వేడి ఇస్త్రీ పెట్టెను దగ్గరికి కూడా రానివ్వకండి. ఆ వేడికి దారం జీవం పోయి వేలాడుతుంది, ఇక తిరిగి రాదు. బుల్లియన్లు, బుడిపెలు అణగకుండా ఆ భాగాన్ని పైకే ఉంచండి.

అంచులు నాలుగు వైపులా ఎగుడుదిగుడుగానే ఉంటాయి. ప్రతి ముక్కలోనూ వాడిన ఆ ఒక్క రంగుతో చుట్టూ సింగిల్ క్రోషే వేస్తూ, లోపలికి పోయిన చోట డబుల్ క్రోషే వేసి సమం చేయండి. మూలల్లో ఒకే చోట మూడేసి వేస్తే చదరం నిలబడుతుంది. గలీబు దిండు కన్నా రెండు సెంటీమీటర్లు తక్కువ ఉంటే బిగువుగా కూర్చుంటుంది. ముక్కల మధ్య సందుల్లోంచి దిండు కనిపించకుండా లోపల ముదురు రంగు గుడ్డ వేసి కుట్టండి, తర్వాత వెనక గుడ్డ కలపండి. ఒకవైపు తెరిచి ఉంచి గుండీలు పెడితే ఉతకడానికి తీయవచ్చు. మిగిలిపోయిన ముక్కలను ఒక డబ్బాలో వేసి ఉంచండి, వచ్చే పనిలో ఖాళీలకు అవే మొదట పనికొస్తాయి.