గ్రీన్ బిల్డింగ్ పాఠం ఎక్కడ తడబడుతోంది: లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

సోలార్ ప్యానెల్, వాననీటి ట్యాంకు, మట్టి గోడ... గ్రీన్ బిల్డింగ్ క్లాసులో ఏ విద్యార్థిని లేపినా ఈ పేర్లు గడగడా చెబుతాడు. ఎంత, ఏ నెలలో, దేనితో పోలిస్తే అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఈ సబ్జెక్టులో వచ్చే చిక్కులు ఎక్కువగా అక్కడే పుడతాయని నా నమ్మకం. చాలాసార్లు లోపం మనం ఇచ్చిన ప్రశ్నలోనే ఉంటుంది. తరచూ కనిపించే లక్షణాలు, వాటి వెనక కారణాలు, క్లాసులో చేయదగిన మార్పులు చూద్దాం.

డ్రాయింగ్ నిండా గ్రీన్ హంగులే, గది మాత్రం ఉడికిపోతుంది

పడమటి వైపు నిలువెత్తు గాజు, కప్పు మీద సోలార్ ప్యానెళ్లు, పక్కన మొక్కల గోడ. చూడటానికి బాగుంటుంది. కానీ సాయంత్రం ఎండ నేరుగా లోపలికి దూరుతుంది. దాన్ని చల్లబరచడానికే ప్యానెళ్ల కరెంటు ఖర్చవుతుంది.

కారణం: పరికరాలు ముందు చెప్పి, ఎండా గాలీ తర్వాత చెప్పడం. అప్పుడు గ్రీన్ అంటే పైనుంచి తగిలించే వస్తువని పిల్లల మనసులో పడిపోతుంది.

పరిష్కారం: మొదటి కొన్ని వారాలు పరికరాల పేరెత్తకండి. ఆరుబయట ఒక కర్ర పాతించి, గంటకోసారి నీడ కొసను గుర్తు పెట్టించండి. సాయంత్రానికి నీడ ఎంత సాగుతుందో కళ్లతో చూశాక, సూర్యుడు కిందికి దిగినప్పుడు సన్‌షేడ్ ఎందుకు పనిచేయదో వేరే చెప్పక్కర్లేదు. పడమటి కిటికీ చిన్నదిగా ఉండాలని, నిలువు పలకలో బయటి తలుపులో చెట్టో కావాలని వాళ్లే అంటారు. నీడ గాజుకు బయట ఉండాలని మాత్రం గట్టిగా చెప్పండి. గాజు దాటి వచ్చిన ఎండను లోపలి కర్టెన్ కొంత ఆపినా, అప్పటికే వేడి గదిలోకి చేరినట్టే. దిశ, నీడ, గాలి, గోడ, కప్పు కుదిరాకే ఫ్యాన్లు, ఏసీలు. ప్యానెళ్లు ఆఖరున.

అట్టపెట్టె మోడల్‌లో తేడా రావడం లేదు

సన్‌షేడ్ ఉన్న పెట్టె, లేని పెట్టె రెండూ ఒకే ఉష్ణోగ్రత చూపిస్తాయి. ఒక్కోసారి నీడ ఉన్నదే ఎక్కువ చూపిస్తుంది. విద్యార్థులు ప్రయోగం మీద నమ్మకం పోగొట్టుకుని, పుస్తకంలో ఉన్న జవాబు రాసేస్తారు. అది మరీ నష్టం.

ముందుగా థర్మామీటర్ చూడండి. దాని మీద నేరుగా ఎండ పడితే అది గాలి వేడిని చూపించదు, తన వేడినే చూపిస్తుంది. చిన్న అట్టముక్కతో నీడ పెట్టండి. తర్వాత పెట్టెల మూలలకు టేపు వేసి సందులు మూయించండి. రెండూ ఒకే ఉష్ణోగ్రతతో మొదలయ్యాయో లేదో రాయించండి.

అట్టకు వేడిని దాచుకునే బరువు లేదన్నది ఇంకో కారణం. మందపాటి గోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకుని రాత్రి వదిలే తీరు ఖాళీ పెట్టెలో కనిపించదు. ఒక పెట్టెలో రెండు నీళ్ల సీసాలు పెట్టి, రెండో పెట్టె ఖాళీగా ఉంచి, పొద్దున్నుంచి రాత్రి దాకా గంటగంటకూ గ్రాఫ్ గీయించండి. సీసాలున్న పెట్టెలో ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి. గోడ బరువు గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా ఆ గ్రాఫ్ చెప్పినంత చెప్పలేం.

మెటీరియల్ గురించి అడిగితే "మట్టి మంచిది, సిమెంట్ చెడ్డది" అంటారు

నన్ను ఎక్కువ బాధపెట్టే లక్షణం ఇది. జవాబు పూర్తిగా తప్పు కూడా కాదు, అందుకే సరిదిద్దడం కష్టం.

మొదటి కారణం, సిమెంట్ ఎందుకు సమస్యో చెప్పకపోవడం. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7–8 శాతం సిమెంట్ తయారీదే. అందులో సగానికి పైగా కొలిమి ఇంధనం నుంచి కాక సున్నపురాయి నుంచే వస్తుంది. 100 కిలోల కాల్షియం కార్బొనేట్ విడిపోతే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఈ సమీకరణం బోర్డు మీద రాయించండి. కొలిమిని పూర్తిగా సోలార్ కరెంటుతో నడిపినా ఈ భాగం తగ్గదని అర్థమైతే, సిమెంట్‌లో కొంత భాగానికి బదులు ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద), స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే వ్యర్థం) ఎందుకు కలుపుతారో దానంతటదే తెలుస్తుంది. వాటి గుణం కూడా చెప్పాలి: మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది, క్యూరింగ్ (తడిగా ఉంచడం) ఎక్కువ కావాలి. 28 రోజుల బలం పరీక్షతో ఆపకుండా 56, 90 రోజులకూ చేయిస్తే తీర్పు న్యాయంగా ఉంటుంది.

రెండో కారణం, కిలోకు కిలో పోల్చడం. 230 మి.మీ. ఇటుక గోడ ఒక చదరపు మీటరు, ఘనపు మీటరుకు 1800 కిలోల లెక్కన, సుమారు 414 కిలోలు. 200 మి.మీ. ఏఏసీ (గాలి బుడగలతో తేలికగా చేసిన కాంక్రీటు) బ్లాకు గోడ, 600 కిలోల లెక్కన, 120 కిలోలే. కిలోకు ఇంత కార్బన్ అని ఉన్న పట్టికను నేరుగా వాడితే ఈ తేడా మాయమైపోతుంది. కాబట్టి ప్రశ్నే మార్చాలి: "ఇంత బరువు మోస్తూ, ఇంత వేడిని ఆపుతూ, ఇన్నేళ్లు నిలిచే ఒక చదరపు మీటరు గోడకు ఏది తక్కువ భారం?" దూరం, మరమ్మతు, చివరికి కూల్చాక ఏమవుతుందన్నది కూడా దీంట్లోనే వస్తాయి.

మట్టి బ్లాకులకూ ఇదే కొలత. వాటికి మామూలుగా 5 నుంచి 10 శాతం సిమెంట్ కలుపుతారు. బలం రావడం లేదని కలుపుతూ పోతే, మట్టిని ఎంచుకున్న లాభం పోతుంది. అప్పుడు చూడాల్సింది మట్టిలో ఇసుక, బంకమన్ను పాళ్లు, అచ్చులో నొక్కిన తీరు. సీసాలో మట్టి, నీళ్లు పోసి కుదిపి పేరుకోనిస్తే పొరలు కనిపిస్తాయి. లక్షణం నుంచి కారణానికి వెళ్లడం నేర్పడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

వాననీటితో ఏడాదంతా సరిపోతుందని లెక్క తేలుతుంది

కారణం: ఏడాది వానను ఏడాది వాడకంతో పోల్చడం. వాన కొన్ని నెలల్లోనే వస్తుంది, వాడకం రోజూ ఉంటుంది.

ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు, 20 మి.మీ. వాన పడే నెల, 0.8 గుణకం (పడిన వానలో ట్యాంకుకు చేరే వంతు): 1600 లీటర్లు. నలుగురు, మనిషికి రోజుకు 100 లీటర్లు అయితే అది నాలుగు రోజులకే సరి. 200 మి.మీ. పడే నెలలో 16,000 లీటర్లు వస్తాయి, కానీ ట్యాంకు 5,000 లీటర్లదైతే జోరు వానల్లో చాలావరకు పొర్లిపోతుంది. నెల మొదట నిల్వ, వచ్చింది, వాడింది, పొర్లింది అని పన్నెండు వరుసల పట్టిక వేయించండి. ట్యాంకు సైజు మార్చి మళ్లీ చేయమనండి. కొంత దాటాక పెద్ద ట్యాంకు వల్ల లాభం తగ్గిపోవడం వాళ్లకే కనిపిస్తుంది.

ఈ పట్టికకు ముందు వాడకం తగ్గించే పాఠం రావాలి. ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది: ఏరేటర్ (కుళాయి మూతికి బిగించి, నీళ్లలో గాలి కలిపి ప్రవాహం తగ్గించే జాలీ) పెడితే నీళ్ల వాడకం సగం అవుతుందని అన్నిచోట్లా అదే లెక్క వేస్తారు. కుళాయి ప్రవాహం నిమిషానికి 12 లీటర్ల నుంచి 6కు తగ్గినా, 15 లీటర్ల బకెట్ నింపడానికి పట్టేది 15 లీటర్లే. ఆదా చేతులు కడగడం లాంటి పారే వాడకంలోనే. అందుకే బకెట్, స్టాప్‌వాచ్ ఇచ్చి స్కూల్లోని ప్రతి కుళాయినీ కొలిపించండి, పక్కన ఆ కుళాయి ఎందుకు వాడతారో రాయించండి.

లీకులు మర్చిపోవద్దు. సెకనుకు ఒక చుక్క, చుక్కకు పావు మిల్లీలీటరు చొప్పున వేసినా రోజుకు 21 లీటర్లు దాటుతుంది. ఫ్లష్ ట్యాంకులో రంగు వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగి చూస్తే, కింద గిన్నెలో రంగు కనిపిస్తే వాల్వు కారుతున్నట్టే. వాషర్ మార్చడానికి పట్టే శ్రమతో పోలిస్తే దీనికి మించిన నీటి పొదుపు పథకం లేదు.

ఫిల్టర్ మోడల్ నీళ్లు తేటగా వచ్చాయి, "తాగొచ్చు" అని రాశారు

ఇది వెంటనే ఆపాలి. వాడిన నీళ్లను వడకట్టే ఈ మోడల్‌లో ఇసుక, బొగ్గు మడ్డిని పట్టాయి, సూక్ష్మజీవుల సంగతి కంటికి తెలియదు. చార్టులో "మొక్కలకు" అని స్పష్టంగా రాయించండి. వాడిన నీళ్లను ఒక రోజుకు మించి నిల్వ చేస్తే దుర్వాసన వస్తుందని, వంటింటి నీళ్లలో జిడ్డు ఎక్కువని కూడా చెప్పండి.

పాయింట్ల వేట

భవనం ఎంత గ్రీనో పాయింట్లు వేసి తేల్చే రేటింగ్ విధానాలు పరిచయం చేయగానే (బ్రీమ్ 1990లో మొదలైంది, లీడ్ ఆ తర్వాత వచ్చింది) విద్యార్థులు తేలికైన పాయింట్ల చుట్టూ డిజైన్ చేస్తారు. రేటింగ్ పాఠాన్ని కోర్సు చివరికి జరపండి. వైవాలో ఒకే ప్రశ్న అడగండి: "నీ డిజైన్లోంచి ఒక గ్రీన్ అంశం తీసేయమంటే ఏది తీస్తావు, తీస్తే నీళ్లు, కరెంటు ఎంత పెరుగుతాయి?" లెక్క చూపగలిగినవాళ్లకే మార్కులు వేయండి.