గీజర్ కంట్రోల్ నేర్చుకుందాం – 3వ పాఠం: ఎర్ర లైటు లెక్క

పోయిన పాఠంలో ఎలిమెంట్ (నీళ్లు కాచే కాయిల్), థర్మోస్టాట్, థర్మల్ కటౌట్ (వేడి మరీ పెరిగితే కరెంటు తెంచే రక్షణ స్విచ్) ఎక్కడెక్కడ ఉంటాయో చూశాం. ఈసారి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. నోటుబుక్కు, గడియారం చాలు.

థర్మోస్టాట్ పని ఒక్కటే. నీళ్లు మనం పెట్టిన వేడికి రాగానే కరెంటు ఆపుతుంది, కొన్ని డిగ్రీలు చల్లారాక మళ్లీ ఇస్తుంది. ఆ కొన్ని డిగ్రీల తేడా కావాలనే పెట్టారు. అది లేకుంటే కాంటాక్టులు, అంటే లోపల కరెంటును కలిపి విడదీసే లోహపు ముక్కలు, ఊరికే కొట్టుకుని కాలిపోతాయి. చలి దేశాల్లో ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్లకూ ఇదే సూత్రం. అమెరికాలో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు గది థర్మోస్టాట్‌కు 1883లోనే పేటెంట్ తీసుకున్నాడు. అయితే చలి దేశాల ఇళ్లలో ఎంత వేడి కావాలో చెప్పే థర్మోస్టాట్‌తో పాటు, ఎప్పుడు కావాలో చెప్పే టైమర్ కూడా సాధారణంగా ఉంటుంది. మన బాత్రూముల్లో లేనిది ఆ రెండోదే.

జనవరిలో హనుమకొండలో తెల్లారుజామున ట్యాంకు నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆదిలాబాద్ వైపు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే చాలామంది రాత్రి గీజర్ వేసి పడుకుంటారు. మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి అంతే. "ఆటోమేటిగ్గా ఆగుతుంది కదా" అనేది అమ్మ. ఆగుతుంది నిజమే. మళ్లీ వేసుకుంటుంది కూడా. ఆ సంగతి గీజర్ మీది ఎర్ర లైటు ముందు కూర్చుంటే గానీ నాకు అర్థం కాలేదు.

మీరూ కూర్చోండి. ఎవరూ నీళ్లు వాడని రోజు చూసుకుని గీజర్ వేయండి. నీళ్లు కాగాక టిక్కుమని చిన్న చప్పుడు, లైటు ఆరుతుంది. ఆ టైం రాయండి. మళ్లీ వెలిగిన టైం, మళ్లీ ఆరిన టైం కూడా రాయండి. రెండు లైట్లుంటే నీళ్లు కాగేటప్పుడు మాత్రమే వెలిగేది చూడాలి. లైటే లేకపోతే కరెంటు మీటరు మీద మిణుకుమనే ఎర్ర చుక్కను గమనించండి. గీజర్ అందుకోగానే అది గబగబా కొట్టుకుంటుంది.

ఇప్పుడు లెక్క. 15 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 0.7 యూనిట్ కావాలి. 2000 వాట్ల ఎలిమెంట్‌కు అది 21 నిమిషాల పని. ఆ తర్వాత ప్రతి 3 గంటలకోసారి 3 నిమిషాలు వెలుగుతోందనుకుందాం. రోజంతా వేసి ఉంచితే 8 సార్లు, 24 నిమిషాలు, అంటే 0.8 యూనిట్. ఒక్క చెంబు కూడా వాడకుండానే, నీళ్లు కాచిన దానికంటే ఎక్కువ ఖర్చు!

చాలామంది డయల్ తగ్గిస్తే సరిపోతుందనుకుంటారు. బకెట్ స్నానానికి దానివల్ల కలిసొచ్చేది కొంచెమే. నీళ్లు తక్కువ వేడిగా ఉంటే వేడినీళ్లు ఎక్కువ పట్టుకుంటాం, అంతే తేడా. అసలు నష్టం గీజర్ వేసి ఉంచే గంటల దగ్గరే ఉంది. డయల్ 60 దగ్గరే ఉంచండి, కానీ ఆ నీళ్లు కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలుస్తాయి. పిల్లలున్న ఇంట్లో బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు కలపాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. థర్మల్ కటౌట్ పదే పదే కరెంటు తెంచేస్తుంటే దాన్ని తీసేసి వైరు నేరుగా కలిపే మెకానిక్‌ను ఇంట్లోకి రానివ్వొద్దు. థర్మోస్టాట్ పాడైనప్పుడు ట్యాంకులో నీళ్లు మరిగి ఆవిరి కాకుండా ఆపేది అదే.

వచ్చే పాఠంలో టైమర్ బిగిద్దాం. ఈ గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 6 ఆంపియర్ల టైమర్ కొనకండి, 16 ఆంపియర్లది తెచ్చుకోండి. ఈలోపు మీ ఇంట్లో మొదటి స్నానం ఎన్నింటికో, చివరిది ఎన్నింటికో వారం రోజులు రాసి పెట్టండి.