ఫోన్ మోగితే నెట్ తెగిపోయేది: మా ఇంట్లో ఇలా బాగైంది

మాది రాగి తీగల ల్యాండ్‌లైన్ మీద వచ్చే పాత బ్రాడ్‌బ్యాండ్. 8 ఎంబీపీఎస్ ప్లాన్, వచ్చేది 1 కూడా కాదు. ఫోన్ మోగితే చాలు, నెట్ తెగిపోయేది. మోడెం మార్చాను, రీసెట్ చేశాను, కంప్లైంట్లు ఇచ్చాను, లాభం లేదు.

చివరికి మోడెం సెట్టింగ్స్ పేజీలో ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ (లైన్‌లోని గోలను తట్టుకోవడానికి సిగ్నల్‌కి ఎంత బలం మిగిలి ఉందో చెప్పే అంకె) చూశాను: 5 డెసిబెల్స్. 6 కంటే తగ్గితే లైన్ నిలకడగా ఉండటం కష్టం. బయటి తీగ వచ్చే రోజెట్ పెట్టె దగ్గర ఇంటి వైరింగంతా విప్పేసి, మోడెం ఒక్కటే తగిలించాను. మార్జిన్ 14కి లేచింది! అంటే తప్పు ఇంట్లోనే ఉంది. వెతికితే, పడకగదికి లాగిన ఎక్స్‌టెన్షన్ జాయింట్ పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ గది ఫోన్‌కి ఫిల్టర్ (ఫోన్, నెట్ సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డుపడకుండా చూసే చిన్న పరికరం) కూడా లేదు. ఎక్స్‌టెన్షన్ తీసేశాను. రోజెట్‌లో తీగల చివర్లు కత్తిరించి, మెరిసే రాగి కనబడేదాకా ఒలిచి, స్క్రూలు గట్టిగా బిగించాను. ఫోన్ మోగేటప్పుడు ఆ తీగల్లో షాక్ కొట్టేంత వోల్టేజీ ఉంటుంది, జాగ్రత్త. ఆ తర్వాత స్ప్లిటర్ (ఫోన్, నెట్ సిగ్నళ్లను వేరుచేసే చిన్న పెట్టె) పెట్టి, ఒక వైపు మోడెం, ఒక వైపు ఫోన్ ఇచ్చాను.

ఇప్పుడు స్పీడ్ 7 ఎంబీపీఎస్ దాకా వస్తోంది, మూడు నెలలుగా తెగలేదు. అందరికీ ఇదే కారణమని చెప్పలేను. రోజెట్ దగ్గర కూడా మార్జిన్ తక్కువే ఉంటే తప్పు బయటి లైన్‌లో ఉండొచ్చు, అది లైన్‌మన్ చూడాల్సిందే. ఫైబర్ కనెక్షన్‌కి ఇది వర్తించదు.